దిగులుకు కేటాయించిన అరగంట

ఆ సోమవారం ఉదయం లిఫ్టుల పరీక్షకుడు వేసుకున్న పథకంలో వింతేమీ లేదు. ఐదున్నరకు లేవాలి, రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా లేవాలి. అరగంట వెలుతురులో నడవాలి. ఆఫీసుకు వెళ్ళి, తనకిచ్చిన భవనాల్లో తాళ్ళూ బ్రేకులూ కొలవాలి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదు వరకు దిగులుపడాలి. తర్వాత ఇంటికి రావాలి.

దిగులుకు వేళ పెట్టడం ఆయన సొంత ఆలోచన కాదు, వైద్యురాలి ఆదేశం. పదకొండు నెలల కిందట, ఆయన పరీక్షించి ముద్ర వేసిన ఒక లిఫ్టు నాలుగో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ మధ్య రెండు గంటలు ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ ఉంది. ఆమె క్షేమంగా బయటికి వచ్చింది. వచ్చి, రెండు గంటలపాటు కోడలి గొంతు వినపడకుండా కూర్చోవడం బాగుందని కూడా అంది. తలుపు గాడిలో ఏదో బొమ్మకారు చక్రం ఇరుక్కోవడమే కారణమని తేలింది. విచారణ ఆయనను వారంలో వదిలేసింది. ఆయన విచారణను వదల్లేదు. ప్రతి రాత్రి ఒంటిగంటకు దాన్ని మళ్ళీ తెరిచి, సాక్షులందరినీ పిలిచి, మూడింటికి తనను దోషిగా నిర్ణయించి, శిక్షను మర్నాటికి వాయిదా వేసేవారు. తిండి రుచి పోయింది. నవ్వు పోయింది. ఆ రెండూ పోయిన సంగతి కూడా భార్య చెబితేనే తెలిసింది.

తాడు మందంలో అరమిల్లీమీటరు తేడా వచ్చినా ముద్ర వేయని మనిషి కనుక ఆఫీసులో ఆయనకు ‘అరమిల్లీ’ అని పేరు. అలాంటి మనిషికి ఈ చికిత్స నచ్చడానికి ఒక కారణం ఉంది. దీనిలో బిళ్ళ లేదు, కొలత ఉంది. పడక నిద్రకే తప్ప ఆలోచనకు కాదు. పన్నెండున్నర దాటితేగాని పక్క ఎక్కకూడదు. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టదనిపిస్తే లేచి ఇంకో గదిలోకి పోవాలి, గడియారం మాత్రం చూడకూడదు. పగటి కునుకు నిషిద్ధం. ప్రతి ఉదయం రాత్రి లెక్క ఒక పట్టికలో రాయాలి. దిగులుకు రోజూ ఒక అరగంట కేటాయించి, ఆ రోజు తలెత్తిన భయాన్ని కాగితం మీద పెట్టి, అది నిజమనడానికి ఆధారమేమిటో, కాదనడానికి ఆధారమేమిటో పక్కపక్కనే రాయాలి. ఈ పద్ధతిని నమ్మమని ఎవరూ అడగరు. చేసి చూసి రాసుకోమంటారు. ఆ ఒక్క కారణానికైనా దాన్ని గౌరవించవచ్చు.

వైద్యం సంగతి భార్యకు తప్ప మరెవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. మనసుకు చికిత్స తీసుకుంటున్న పరీక్షకుడి దగ్గర ముద్ర ఉండరాదని ఆఫీసు నిబంధన. ముద్ర లేని పరీక్షకుడు గిడ్డంగిలో పాత గొలుసులు తూచుకుంటూ పదవీ విరమణ కోసం ఎదురుచూడాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయనకు ఆ ముద్ర తప్ప వేరే గుర్తింపు లేదు.

"ఆ దిగులేదో ఇంటికొచ్చే పడొచ్చు కదండీ, పక్కన కాఫీ అయినా పెడతాను," అంది భార్య. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అంకె లేని మాటను నమ్మదు.

"ఇంట్లో మొదలుపెడితే దానికి ముగింపుండదు. ఆఫీసైతే ఐదింటికి తాళం వేస్తారు."

"ఇరవై రెండేళ్ళకి మీ ఆఫీసు వల్ల ఒక ఉపయోగం కనపడిందన్నమాట. సరే, వెళ్ళి రండి. బాగా దిగులుపడండి."

సరిగ్గా నాలుగున్నరకు ఆయన బల్ల ముందు కూర్చుని, కాగితం కోసం సొరుగు లాగారు. సొరుగులో లోపాల నివేదిక ఫారాలే ఉన్నాయి. ఆకుపచ్చ కాగితం, నాలుగు గడులు: లోపం, ఉన్నదనుటకు ఆధారం, లేదనుటకు ఆధారం, తీసుకోవలసిన చర్య. పైన ‘స్థలం’ అని చిన్న గీత. వైద్యురాలు గీసి చూపించిన పట్టికకూ దీనికీ ఉన్న పోలికకు ఆయన ముచ్చటపడ్డారు. ఎవరో పెద్దమనిషి ఏనాడో లిఫ్టుల కోసం తయారుచేసిన గడులు మనిషికీ అతికినట్టు సరిపోయాయి. స్థలం దగ్గర ‘మా ఇల్లు’ అని రాశారు. లోపం గడిలో, గుండెల్లో సంగతినే ఉన్నదున్నట్టు రాశారు: ‘రాత్రి ఒంటిగంటకు మధ్యలో ఆగిపోతుంది. మూడు దాకా పైకీ రాదు, కిందికీ పోదు. చాలా బరువు.’ ఉన్నదనుటకు ఆధారం: ‘అనుభవం.’ లేదనుటకు: ‘పగలు బాగానే నడుస్తోంది.’ చర్య గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశారు. ఇరవై రెండేళ్ళ అలవాటు చొప్పున చేయి తనంతట తాను కింద సంతకం చేసింది.

‘కాగితం ఇంటికి తీసుకెళ్ళవద్దు, అక్కడే వదిలేయండి’ అని వైద్యురాలు గట్టిగా చెప్పి ఉన్నారు. బల్ల మీద బోర్లించి వదిలేశారు. మర్నాడు ఉదయం అది అక్కడ లేదు. ఊడ్చేవాళ్ళు పారేసి ఉంటారు. తన దిగులు చెత్తబుట్టలోకి పోయిందనుకుంటే మనసు కొంచెం తేలికపడింది. మంగళవారం ఇంకొకటి రాశారు. బుధవారం మూడోది: ‘నేను లేకపోయినా ఈ ఆఫీసు ఇలాగే నడుస్తుంది.’ అవి కూడా మర్నాటికి మాయమయ్యాయి. బుధవారం రాత్రి నాలుగు గంటల నలభై నిమిషాలు నిద్రపోయారు. మూడు గంటల ఇరవై నిమిషాల నుంచి అది గొప్ప ఎదుగుదల. పట్టికలో ఆ అంకె కింద ఆయన రెండు గీతలు గీశారు.

ఇక్కడ హెడ్ క్లర్కు గురించి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ బల్ల మీదా ఒక్క రాత్రి కూడా కాగితాన్ని నిద్రపోనివ్వని మనిషి. సరిగ్గా ఐదింటికి గదులన్నీ తిరుగుతాడు. సంతకమున్న కాగితం కనపడితే తీసుకుపోయి, నంబరు వేసి, సంబంధిత విభాగానికి పంపించి, అప్పుడు గొడుగు అందుకుంటాడు. లోపాల నివేదికలకు ప్రత్యేక నియమాలున్నాయి. ‘చర్య’ గడి ఖాళీగా ఉంటే మూసివేతే చర్య. నివేదిక ఎవరిచ్చారన్నది రహస్యం. ఆ పేరు పెద్ద అధికారికి తప్ప ఎవరికీ చెప్పకూడదు, ఇచ్చినవాడితో కూడా ఆ ప్రసక్తి తేకూడదు. భవన యజమానుల ఒత్తిడి నుంచి పరీక్షకులను కాపాడటానికి పెట్టిన నియమమది. ఆ వారం పెద్ద అధికారి పర్యటనలో ఉన్నారు.

గురువారం ఉదయం నడక ముగించి వచ్చేసరికి, తమ భవనంలో లిఫ్టుకు ఎర్ర పట్టీ, దాని మీద తన ఆఫీసు సీలు కనపడ్డాయి. ఆరో అంతస్తు పిన్నిగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఏం నాయనా, మన లిఫ్టు మీద నీ ముద్రే కదా ఉంది? మరి మీవాళ్ళే వచ్చి మూసేశారేం? రాత్రిపూట మధ్యలో ఆగిపోతోందట."

"రాత్రిపూటా? నాకు తెలియదు పిన్నిగారూ."

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందయ్యా. మోకాళ్ళు నావి, ముద్ర నీది."

ఎవరో తోటి పరీక్షకుడు వచ్చి, తాను రోజూ ఎక్కి దిగే లిఫ్టులో తన కంటికి కనపడని లోపం పట్టుకున్నాడు. అంటే పదకొండు నెలలుగా ఒంటిగంటకు జరుగుతున్న విచారణ సరైనదే. ఆఫీసులో వరండా దాటుతుంటే హెడ్ క్లర్కు ఎదురై, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేనేమీ అనకూడదండీ. కానీ ఒక్కమాట. ఇలాంటిది తనంతట తాను బయటపెట్టుకోడానికి గుండె కావాలి. మీ మీద గౌరవం రెట్టింపైంది."

"మీకెలా తెలిసింది?" అన్నారు ఆయన. వైద్యశాల మెట్ల మీద ఎవరో తనను చూసేశారన్నమాట.

"ఎలా తెలిస్తే ఏంలెండి. నా నోట్లోంచి మాత్రం బయటికి రాదు. మీరు రాస్తూ ఉండండి."

రాయడం గురించి కూడా తెలుసు. ఆ రోజు నాలుగున్నర దాకా ఆగడమే కష్టమైంది. నాలుగో ఫారం మీద ఇలా రాశారు: ‘మా ఇంటి లిఫ్టులో లోపం నాకు కనపడలేదు. కనుక ఈ ఏడాది నేను ముద్ర వేసిన నలభై ఒక్క లిఫ్టులనూ అనుమానించాలి.’ ఉన్నదనుటకు ఆధారం: ‘నేనే.’ లేదనుటకు ఆధారం దగ్గర కలం ఆగిపోయింది. ఆ గడి మొదటిసారి ఖాళీగా మిగిలింది. చర్య గడి ఎప్పుడూ ఖాళీయే. సంతకం మాత్రం ఎప్పటిలాగే స్పష్టంగా ఉంది.

శుక్రవారం సాయంత్రానికి నలభై లిఫ్టులకు ఎర్ర పట్టీలు పడ్డాయి. నలభై ఒకటోది ఆయన ఇంటిదే, దానికి ముందే పడింది. జనం మెట్లెక్కారు. రేడియోలో ఎవరో నిపుణుడు మెట్లు ఎక్కే పద్ధతి వివరించాడు. అదే రోజు సిబ్బంది విభాగం నుంచి ఆయనకు ఒక తాఖీదు వచ్చింది: ‘తాము లేకపోవుట గురించి తెలిపియున్నారు. ముందస్తు అనుమతి లేనిదే లేకపోవుట నిబంధనలకు విరుద్ధము. ఎప్పటి నుండి ఎప్పటి వరకు లేకపోదలచినారో, మీరు లేనప్పుడు మీ పని ఎవరు చూచెదరో ఏడు దినములలో తెలుపవలెను.’

ఆయన దాన్ని మూడుసార్లు చదివారు. సెలవు అడిగిన గుర్తు లేదు. నిద్రలేమి జ్ఞాపకశక్తిని తినేస్తుందని విన్నారు. ఇంతగా తింటుందని అనుకోలేదు. ఆ రాత్రి పట్టికలో నమోదైనది రెండు గంటల ఐదు నిమిషాలు.

శనివారం వైద్యురాలి దగ్గరికి వెళ్ళాలి. వైద్యశాల ఐదో అంతస్తులో ఉంది. దాని లిఫ్టు నలభై ఒకటిలో ఒకటి. ఆయన మెట్లెక్కి వెళ్ళేసరికి, ఆమె కూడా అప్పుడే ఎక్కి వచ్చినట్టున్నారు, బల్ల మీద చేతులానించి ఊపిరి పీలుస్తున్నారు.

"ఎవరో మహానుభావుడు ఊళ్ళో లిఫ్టులన్నీ ఆపించాడండీ," అన్నారు. "సరే, పట్టిక చూపించండి. బుధవారం దాకా బాగానే ఉంది కదా. గురువారం ఏమైంది?"

ఆయన చెప్పారు. తన భయం నిజమైందన్నారు. ఆధారాలతో సహా నిజమైంది కనుక ఇక ఈ వైద్యం అనవసరమేమో అన్నారు. ఉండి ఏం చేయాలో తెలియడం లేదని కూడా అన్నారు. వైద్యురాలు కలం కింద పెట్టి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగారు. లేదు, అన్నారు ఆయన. లేకపోవడానికి ముందస్తు అనుమతి కావాలట, ఏడు రోజుల్లో జవాబివ్వాలట. ఆ తాఖీదు తీసి ఆమె ముందు పెట్టారు. ఆమె దాన్ని నవ్వకుండా, చాలా జాగ్రత్తగా చదివారు.

"మీరు రాసిన దిగులు కాగితాలు ఎక్కడున్నాయి?"

"మీరు చెప్పినట్టే బల్ల మీద వదిలేశాను. పొద్దున్నకి ఉండవు."

"ఉండకపోతే ఎక్కడికి పోతున్నాయి?"

"ఊడ్చేవాళ్ళు పారేస్తారు."

"ఆధారం?"

ఆయన నోరు తెరిచారు. తమ ఆఫీసులో ఊడ్చేవాళ్ళకు కాగితం ముట్టుకునే అధికారం లేదు. ఆ అధికారం ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరు ఐదింటికి గదులు తిరుగుతారు. ఆకుపచ్చ ఫారం. నాలుగు గడులు. కింద సంతకం.

"మంచినీళ్ళు తాగండి," అన్నారు వైద్యురాలు. "మనిషి భయం నిజం కావడం కోసం ఒక ఆఫీసు ఇంత కష్టపడటం నేనెప్పుడూ చూడలేదు."

ఆ ఆదివారం గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నారు. భార్య కూరగాయల సంచితో ఐదంతస్తులు ఎక్కివచ్చి, ఆయనను చూసి, పక్కన ఒక కుర్చీ వేసుకుంది. కింద మెట్ల మీద పిన్నిగారు ఎవరితోనో ముద్రల విలువ గురించి మాట్లాడుతున్నారు.

"చెప్పేస్తారా?" అంది కొంతసేపయ్యాక.

"చెబితే ముద్ర పోతుంది."

"చెప్పకపోతే?"

"ఆ కాగితాలు నిజం నివేదికలే అయిపోతాయి. నేను కొలిచింది తప్పని నేనే సంతకం పెట్టినట్టవుతుంది."

"మీ కొలత తప్పా?"

"కాదు," అన్నారు. పదకొండు నెలల్లో ఆ ప్రశ్నకు ఆయన అంత త్వరగా జవాబివ్వడం అదే మొదటిసారి. అది ఇద్దరూ గమనించారు.

సోమవారం పెద్ద అధికారి వచ్చారు. ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. అధికారిది భారీ విగ్రహం. "ఊరంతా మెట్లెక్కుతోంది. నడుస్తున్నది మన లిఫ్టొక్కటే, అదృష్టం," అంటూ కూర్చుని నాలుగు ఆకుపచ్చ కాగితాలు ముందు పెట్టుకున్నారు. హెడ్ క్లర్కు అరమిల్లీని లోపలికి పిలిచి, తలుపు వేసి, గోడకానుకుని నిలబడ్డాడు.

"అరమిల్లీ గారూ, ఇవి మీరు రాసినవేనా?"

"నేను రాసినవే. నివేదికలు కావు." ఆయన మొత్తం చెప్పారు: ఒంటిగంట విచారణ, పట్టిక, అరగంట, గడుల పోలిక. దాచకుండా చెప్పడం మొదలుపెట్టాక ఆపడం కష్టమైంది. నిద్రపోయిన నిమిషాలు కూడా చెప్పేశారు.

అధికారి మొదటి కాగితం మళ్ళీ చదివారు. "అయితే ఈ పైకీ రాని, కిందికీ పోనిది..."

"నేనేనండి."

హెడ్ క్లర్కు ముఖం పాలిపోయింది. "మరి నేను మీకు చెప్పిన మాటలు..."

"వైద్యం గురించనుకున్నాను. చాలా ధైర్యమిచ్చాయి."

తర్వాత నిబంధన తన పని తాను చేసింది. ఆయన ముద్ర తీసి బల్ల మీద పెట్టారు. అధికారి దాన్ని సొరుగులో వేసుకున్నారు. లిఫ్టులన్నీ వెంటనే తెరిపించమని అధికారి అనబోతే హెడ్ క్లర్కు దగ్గాడు.

"నంబరు పడిందండీ. నంబరు పడిన కాగితాన్ని, అది దిగులే అయినా, తనిఖీ లేకుండా మూయడానికి వీల్లేదు. తనిఖీ కూడా బయటివాళ్ళే చెయ్యాలి."

అలా ఒక మనిషి ఒంటిగంట ఆలోచనను పరిశీలించడానికి పొరుగు జిల్లా నుంచి ముగ్గురు పరీక్షకులు కొలత సామగ్రితో వచ్చారు. నాలుగు రోజులు కొలిచారు. ఈ నాలుగు రోజులూ ఆయన గిడ్డంగిలో గొలుసులు తూచారు. నడక మానలేదు, పట్టిక మానలేదు. నాలుగున్నరకు రాయడమూ మానలేదు, అయితే సొంత నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఫలితం శుక్రవారం తేలింది. నలభై ఒక్క లిఫ్టుల్లో లోపం లేదు. ఆయన పరీక్ష రికార్డుల్లో ఉన్న కొలతలకూ వాళ్ళ కొలతలకూ ఎక్కడా అరమిల్లీమీటరు తేడా లేదు. మొదటి కాగితం మీద, ‘చాలా బరువు’ అన్న మాటల పక్కన, ఎవరో ఎర్ర సిరాతో రాశారు: ‘పరిశీలించితిమి. మోయగలిగినంతే ఉన్నది.’

కథ ఇక్కడితో ముగిసి ఉంటే హెడ్ క్లర్కు సుఖంగా ఉండేవాడు. కానీ బయటి బృందం పెద్ద, నివేదిక ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చి, అక్కడి లిఫ్టెక్కాడు. అలవాటుగా గోడ మీది ధ్రువపత్రం చూశాడు. మూడో అంతస్తులో దిగిపోయి, మిగతా మూడూ మెట్లెక్కి వచ్చాడు.

"మీ లిఫ్టుని మూడేళ్ళుగా ఎవరూ పరీక్షించలేదండీ," అన్నాడు. "పైన మోటారు గదిలో బ్రేకు దిమ్మలు చూశాను. అరిగి కాగితమైపోయాయి."

"అలా ఎలా?" అన్నారు అధికారి. ఆ లిఫ్టులో ఆ ఉదయం కూడా ఆయనొక్కరే ఇద్దరి బరువుతో ఎక్కివచ్చారు.

అందరూ హెడ్ క్లర్కు వైపు చూశారు. అతడు గోడకు ఇంకొంచెం ఆనుకున్నాడు. "పరీక్ష చెయ్యాలంటే భవన యజమాని దరఖాస్తు పెట్టుకోవాలండీ. ఈ భవనానికి యజమాని మనమే. మనం మనకి దరఖాస్తు పెట్టుకోలేదు. రాని కాగితాన్ని నేనెలా పంపిస్తాను?"

అధికారి సొరుగు తీసి, గిడ్డంగి నుంచి అరమిల్లీని పిలిపించి, ముద్ర బల్ల మీద పెట్టారు. "నిద్రపట్టని మనిషి నలభై ఒకటి చూసి ఒక్క తప్పు చెయ్యలేదు. రాత్రంతా గుర్రుపెట్టే మేమంతా కలిసి ఒక్కటి చూసుకోలేకపోయాం. నిబంధన మారేదాకా, ఆరు నెలలు మీ సంతకం పక్కన ఇంకొకరి సంతకం కూడా ఉండాలి. అంతవరకే నేను చెయ్యగలిగింది." అందరూ మళ్ళీ హెడ్ క్లర్కు వైపు చూశారు.

పక్క ఎక్కే వేళను వైద్యురాలు అరగంట ముందుకు జరిపారు, అప్పటి నుంచి ఆయన రాత్రి సగటున ఐదు గంటల పది నిమిషాలు నిద్రపోతున్నారు. ఇది చికిత్స వల్లనా, బయటివాళ్ళ కొలతల వల్లనా, మెట్ల వల్లనా అన్నది తేల్చలేమని వైద్యురాలు నిజాయితీగా ఒప్పుకున్నారు. దిగులు పోలేదు. కాకపోతే దానికిప్పుడు పనివేళలున్నాయి. లిఫ్టు తెరిచినా పిన్నిగారు మాత్రం, ముందు జాగ్రత్తగా, మెట్లే ఎక్కుతున్నారు.

నిద్రపోనిది హెడ్ క్లర్కు. అరిగిన దిమ్మల మీద మూడేళ్ళపాటు ఎంతమంది పైకీ కిందికీ తిరిగారో లెక్కగడుతూ అతడికి రోజూ రెండింటికి మెలకువ వస్తోంది. వైద్యురాలి చిరునామా అడగడానికి వారం రోజులు తటపటాయించాడు. అడిగిన మర్నాడు, నాలుగున్నరకు, ఒక ఆకుపచ్చ ఫారం తీసుకుని తన బల్ల ముందు కూర్చున్నాడు.

"దీన్లో చర్య గడి ఏం చెయ్యాలండీ?" అన్నాడు.

"ఖాళీగా మాత్రం వదలకండి," అన్నారు అరమిల్లీ.

ఐదింటికి ఆయనే లేచి, ఆ కాగితం తీసుకుని, నిలువునా రెండుగా, అడ్డంగా నాలుగుగా చింపి, జేబులో వేసుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ఆఫీసులో నంబరు పడని మొదటి కాగితం అదే. దాని గురించి తాఖీదు ఇంకా రాలేదు.